షేర్ ఆటోలో సిగరెట్టు మీద అర్జీ పెట్టాను

మా అమ్మకి ఆయాసం. రాజోలు నుంచి అమలాపురం ఆసుపత్రికి షేర్ ఆటోలోనే తీసుకెళ్తాను. ఈమధ్య ఒక డ్రైవరు కాలవ గట్టు రోడ్డు మీద ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో సిగరెట్టు కాలుస్తున్నాడు. ముందు సీట్లో అతనికి అటొకరు, ఇటొకరు. "ఆర్పెయ్యండి, అమ్మకి పడదు" అంటే, "ఆయ్, గాలికి బయటికే పోద్దండి" అన్నాడు. పోలేదు. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉంది.

ఇది తప్పో కాదో తేల్చుకోవాలనుకున్నాను. కోర్టులో ప్రాక్టీసు చేసే మా బావగారు విడమరిచి చెప్పారు. 2003 పొగాకు చట్టం 4వ సెక్షను బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధించింది. జనం ఎక్కే వాహనాలూ అందులోకే వస్తాయి. జరిమానా మాత్రం 200 రూపాయల వరకే. అసలు బలం కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. ప్రయాణికుల బండి నడుపుతూ పొగతాగడం 21వ రూలు జాబితాలో ఉంది. దాన్నిబట్టి 1988 మోటారు వాహనాల చట్టం 19వ సెక్షను కింద, డ్రైవరు చెప్పేది విన్నాక, లైసెన్సు కొంతకాలం ఆపొచ్చు, రద్దూ చెయ్యొచ్చు.

మరి సొంత కారో? సిగరెట్టని పేరుపెట్టి చెప్పిన సెక్షను ఆ చట్టంలో లేదు. ప్రమాదకరంగా నడిపితే 184వ సెక్షను ఉంది: మొదటిసారి 1000 నుంచి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. చంటిపిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని కాల్చేవాళ్లని చూస్తే నాకీ చట్టం చాలదనిపిస్తుంది.

బండి నంబరు, తేదీ, సమయం, ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య జరిగిందో, 21వ రూలు, అన్నీ ఒక్క పేజీలో రాసి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. అది రవాణా శాఖకి వెళ్లింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఫోన్ చేసి ఇద్దర్నీ పిలిపించారు. రూలు చదివి వినిపిస్తే డ్రైవరు ముఖం పాలిపోయింది. ఇంట్లో ఆ ఆటో మీదే తిండి. లైసెన్సు ఆపొద్దండి, రాతపూర్వకంగా హెచ్చరించండి చాలు అన్నాను. అలాగే రాయించి సంతకం తీసుకున్నారు. తర్వాత స్టాండులో మిగతా ఆటోవాళ్లకీ ఆ రూలు చెప్పారు.