పావలా పోయినా వడ్డీ పోలేదు

లక్డీకాపూల్ మెట్రో దిగి సైఫాబాద్ వైపు నడిస్తే పాత టంకశాల వస్తుంది. నిజాం నాణేలు 1903 నుంచి ఇక్కడే ముద్రపడ్డాయి. 1997లో పని చర్లపల్లికి మారింది. 2022 జూన్‌లో ఈ ఆవరణను మ్యూజియంగా తెరిచారు. బజార్లో చెల్లకపోయినా మన నోళ్ళలో చెల్లుతున్న డబ్బుల్ని చూడాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

నాణెం తయారీలో కళ్ళు ముద్ర మీదే ఉంటాయి గానీ అసలు పని అంతకుముందే అయిపోతుంది. లోహం కరిగించి పోతపోసి, రోలర్ల మధ్య రేకుగా సాగదీసి, బిళ్ళలు కొడతారు. రోలర్ల ఒత్తిడికి గట్టిపడ్డ బిళ్ళను మళ్ళీ కాల్చి మెత్తబరచాలి. లేకపోతే బొమ్మ సరిగ్గా లేవదు, అచ్చు కూడా పగులుతుంది.

తెలంగాణలో పెద్దవాళ్ళు ఇంగ్లీషువాళ్ళ రూపాయిని 'కల్దార్' అనేవాళ్ళు. కల్ అంటే యంత్రం. మరమీద తయారైన రూపాయి అని. తర్వాత మన హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయి కూడా మరమీదికే ఎక్కింది. అయినా కల్దార్ అన్న పేరు పరాయి రూపాయికే ఉండిపోయింది.

సాయంత్రం చార్మినార్ దగ్గర ఫుట్‌పాత్ మీద పాత నాణేలు అమ్మేవాళ్ళ దగ్గర కూర్చుంటే లెక్క ఇంకా తేలుతుంది. రూపాయికి 16 అణాలు, 64 కాణీలు, 192 దమ్మిడీలు. 1957 ఏప్రిల్ 1న రూపాయిని నూరు నయాపైసలు చేశారు. పావలా సరిగ్గా 25కి, అర్ధరూపాయి 50కి కుదిరాయి. అణా 6.25, బేడ (రెండణాలు) 12.5, కాణీ 1.5625! సరిగ్గా కుదిరినవి వ్యాపారంలో నిలిచాయి. కుదరనివాటిలో దమ్మిడీ తిట్టుకీ, అణాలు పొగడ్తకీ మిగిలాయి: 'దమ్మిడీ విలువ చెయ్యడు', 'పదహారణాల తెలుగు పిల్ల'. బేడ పాపం రెంటికీ చెడింది.

2011 జూన్ 30తో పావలా కూడా చెల్లడం మానేసింది. పావలా వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి 3 శాతం. కొత్తవాళ్ళు బోల్తాపడేది ఇక్కడే. 'రెండ్రూపాయల వడ్డీ' అంటే ఏడాదికి రెండు శాతం అనుకుంటారు. అది 24 శాతం.

చిల్లిగవ్వ అడిగితే మధ్యలో పెద్ద చిల్లున్న కాణీ చేతిలో పెడతారు. పొరబడొద్దు. అది 1943–47 మధ్య, యుద్ధకాలంలో రాగి పొదుపు కోసం కొట్టింది. అంతకుముందు కాణీ 4.8 గ్రాములుంటే ఇది రెండు గ్రాములే. చిల్లిగవ్వ మాట గవ్వలే డబ్బుగా చెల్లిన కాలానిది.

వెండి రూపాయి కొనేటప్పుడు చిన్న త్రాసు దగ్గరుండాలి. 1939కి ముందటి ఇంగ్లీషువాళ్ళ రూపాయైతే 11.66 గ్రాములు తూగాలి. అరుగుదలకు కొంచెం తగ్గినా ఫరవాలేదు, గ్రాము తగ్గితే వదిలెయ్యాలి. అంచు చుట్టూ గోరు తిప్పితే అతుకు గీత తగిలిందా, అది పోతపోసిన నకిలీ.

'నయా' అన్న మాటను ప్రభుత్వం 1964లోనే నాణెం మీంచి తీసేసింది. చిల్లుకాణీ బేరమాడితే నాణేలు అమ్మే కుర్రాడు తల అడ్డంగా ఊపాడు: "నయాపైసా తగ్గదన్నా."