అమ్మ ఫైల్లో సీ37

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, సీపీసీ అనే కోడింగ్ పరీక్ష పాసై, తొమ్మిదేళ్లుగా మాదాపూర్‌లో మెడికల్ కోడర్‌గా చేస్తున్నాను. అమెరికా పేషెంట్ల చార్టులు చదివి, జబ్బులకి కోడ్లు వేయడమే పని. ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి కేసులు నా చేతికి వచ్చినవి చాలా తక్కువ. అది మా ఇంటికే వస్తుందని అనుకోలేదు.

మొదట అమ్మ ఎడమ కంటి రెప్ప వాలింది. పొద్దున బాగానే ఉండేది, సీరియల్ టైముకి సగం మూసుకుపోయేది. వయసు అనుకున్నాం. ఒకరోజు తాలింపు వేస్తూ "ఇదేంటే, రెండు మూకుళ్లు కనిపిస్తున్నాయి" అంది. మర్నాడే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ గ్లౌజులో ఐసు ముక్కలు వేసి, అమ్మ రెప్ప మీద రెండు నిమిషాలు పెట్టారు. తీసేసరికి రెప్ప పైకి లేచి ఉంది! కాసేపటికి మళ్లీ వాలిపోయింది. చల్లదనానికి నరం నుంచి కండరానికి సంకేతం కాస్త బాగా అందుతుందట. కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు, మయస్తీనియా గ్రావిస్ అనుమానమని రాసి, న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపారు.

ఆ జబ్బుకి చేసే అసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. వెంటనే ఛాతీ సీటీ అన్నారు. "కంటికి, ఛాతీకి ఏం సంబంధం బాబూ?" అని అమ్మ అడిగింది. న్యూరాలజిస్ట్ గారు ఓపిగ్గా చెప్పారు: రొమ్ము ఎముక వెనకాల థైమస్ గ్రంథి ఉంటుంది, చిన్నతనంలో టీ కణాలు అక్కడే తయారవుతాయి, పెద్దయ్యాక అది కొవ్వు పట్టి కుంచించుకుపోతుంది. మయస్తీనియా ఉన్నవాళ్లలో నూటికి 10 నుంచి 15 మందికి అక్కడ గడ్డ ఉంటుంది. అమ్మకీ ఉంది, 4 సెంటీమీటర్లు.

"బయాప్సీ ఎప్పుడు సార్?" అన్నాను. సర్జన్ గారు వద్దన్నారు. గడ్డ అంచులు స్పష్టంగా ఉండి, మొత్తం తీసేయగలమని స్కాన్‌లో తెలుస్తున్నప్పుడు సూది గుచ్చరట. పైపొర చిల్లుపడితే కణాలు బయటికి పడే ప్రమాదం ఉంది. పైగా మయస్తీనియా అదుపులోకి రాకుండా ఆపరేషన్ చేస్తే ఊపిరి తీసే కండరాలు దెబ్బతినొచ్చు. అందుకే ముందు పిరిడోస్టిగ్మిన్ మాత్రలు వేసి, బలం వచ్చాక, కెమెరా పద్ధతిలో గ్రంథి మొత్తం తీశారు.

రిపోర్టులో "థైమోమా, టైప్ ఏబీ, మసావోకా-కోగా స్టేజ్ 1" అని వచ్చింది. అంటే థైమస్ కణాల గడ్డ, పొర దాటలేదు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ క్లెయిమ్ కాగితాల్లో హాస్పిటల్ వాళ్లు డీ15.0 వేశారు. అంటే ప్రమాదం లేని గడ్డ అని. పొర దాటలేదు కదా అని వేసి ఉంటారు. రిపోర్టుకీ కోడ్‌కీ పొంతన లేదని ఇన్సూరెన్స్ నుంచి క్వెరీ వచ్చింది.

స్టేజ్ వేరు, గడ్డ స్వభావం వేరు. ఆ తేడా రోజూ చూసే నాకే గుండె దడదడలాడింది. ఇప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో ఏ, ఏబీ, బీ1, బీ2, బీ3 రకాలన్నీ మాలిగ్నెంట్, అంటే క్యాన్సర్ లెక్కే. మేం ఆఫీసులో వాడే ఇండెక్సులోనూ టైప్ ఏబీ ఎదురుగా సీ37, అంటే థైమస్ క్యాన్సర్ కోడ్ ఉంటుంది. మైక్రోస్కోపిక్ థైమోమా అయితే డీ15.0. గడ్డ స్వభావం తేలలేదని పాథాలజిస్ట్ రాస్తే డీ38.4.

నాకు తెలిసినంత మాత్రాన నేను దిద్దలేను. డాక్టర్ రాసినదాన్నే కోడ్ చేయాలన్నది మాకు మొదటిరోజు నేర్పిన నియమం. రిపోర్టు పట్టుకుని సర్జన్ గారి ఓపీలో కూర్చున్నాను. ఆయన చదివి, సవరించిన లెటర్ రాసిచ్చారు: సీ37, పక్కన మయస్తీనియాకి జీ70.0. పదిరోజుల్లో క్లెయిమ్ పాసైంది.

ఆ లెటర్ అమ్మ చూసింది. "సీ అంటే క్యాన్సరేనా?" అంది. అబద్ధం చెప్పలేదు. మంచం మీద పక్కన కూర్చుని చెప్పాను: అమ్మా, భయంకరమైన థైమిక్ కార్సినోమాకీ ఇదే కోడ్, నెమ్మదిగా పెరిగే నీ రకానికీ ఇదే కోడ్. రెండిటినీ విడదీసేది ఇంకో నంబర్, ట్యూమర్ రిజిస్ట్రీల వాళ్లు వాడేది. కార్సినోమాకి 8586, నీదానికి 8582.

"85..." అని ఆగింది. క్యాలెండర్ వెనక రాసివ్వమంది. రాసిచ్చాను. వచ్చే నెల స్కాన్ తేదీ కూడా దాని పక్కనే ఉంది.