66 వచనాల మధ్యలో ఒక ఉదయం

పొద్దున్నే ఫోన్‌లోకి వచ్చే శుభోదయం మెసేజ్‌ల్లో, గోడ క్యాలెండర్లలో ఒక వచనం తరచుగా కనిపిస్తుంటుంది. “అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది. నీవు ఎంతైన నమ్మదగినవాడవు.” వెనకాల సూర్యోదయం, నాలుగు పూలు, ఎగిరే పక్షులు. చాలా ఏళ్లు నేనది ఏదో కీర్తనలోని మాటే అనుకున్నాను. అంత హాయిగా ఉంటుంది మరి. అది బైబిల్లోని విలాపవాక్యములు అన్న పుస్తకం మూడో అధ్యాయంలోదని తెలిసి, ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి కూర్చుని చదివిన రోజు మాత్రం ఆ పూలబొమ్మ మీద కాస్త కోపమే వచ్చింది. ఆ మాట రాసినవాడి కళ్ల ముందు పూలెక్కడివి? ఉన్నదంతా బూడిద.

క్రీస్తుపూర్వం 586 ప్రాంతం. యూదా రాజు సిద్కియా ఏలుబడి 9వ ఏట పదో నెలలో బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. 11వ ఏట నాలుగో నెలలో ప్రాకారం కూలింది. అంటే దాదాపు ఏడాదిన్నర ముట్టడి. ఆ తర్వాతి నెలలో దేవాలయాన్ని తగలబెట్టారు, ఇళ్లను తగలబెట్టారు, మిగిలినవాళ్లను చెరపట్టుకుపోయారు. ముట్టడి రోజుల్లో ఊరి లోపల ఆకలి ఏ స్థితికి వచ్చిందో నాలుగో అధ్యాయంలో ఉంది. అక్కడ తల్లుల గురించి ఉన్న ఒక వచనాన్ని నేనిక్కడ ఎత్తి రాయలేను.

ఈ పుస్తకం యిర్మీయా ప్రవక్త రాశాడని సంప్రదాయం. పుస్తకంలో మాత్రం రాసినవాడి పేరు లేదు. పేరు లేకపోవడమే మంచిదనిపిస్తుంది నాకు. ఎవరైనా వచ్చి ఆ చోట నిలబడవచ్చు.

ఏడుపును ఇతను రాసిన తీరు చూడండి. హీబ్రూ అక్షరాలు 22. మొదటి, రెండో, నాలుగో అధ్యాయాల్లో సరిగ్గా 22 వచనాలున్నాయి. మొదటి వచనం మొదటి అక్షరంతో, రెండోది రెండో అక్షరంతో, అలా వరసగా చివరి అక్షరం దాకా. మూడో అధ్యాయంలో ఒక్కో అక్షరానికి మూడేసి వచనాలు, మొత్తం 66. మన భాషలో అయితే ‘అ’తో మొదలుపెట్టి అక్షరమాల అంతా ఏడ్చాడన్నమాట. గుండె పగిలినవాడికి ఈ వరసలతో పనేమిటి అని మొదట్లో విసుక్కున్నాను. తర్వాత అర్థమైంది. పట్టుకోవడానికి ఏమీ మిగలనప్పుడు మనిషి ఒక వరసను పట్టుకుంటాడు. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు ఒకరు పనిగట్టుకుని గిన్నెలు సర్దుతుంటారు, బట్టలు మడతపెడుతుంటారు. ఇదీ అలాంటిదే. ఐదో అధ్యాయానికి వచ్చేసరికి వచనాలు 22 ఉన్నాయి గానీ అక్షరాల వరస లేదు. ఎందుకో పండితులు రకరకాలుగా చెబుతారు. నాకు మాత్రం ఓపిక అయిపోయిన మనిషి గొంతులా వినిపిస్తుంది.

ఇక మూడో అధ్యాయం. మొదటి 18 వచనాలూ దేవుని మీద ఫిర్యాదే. నా ప్రార్థన వినబడకుండా చెవి మూసుకున్నాడంటాడు. పొంచి ఉన్న ఎలుగుబంటిలా ఉన్నాడంటాడు. రాళ్లతో నా పళ్లు ఊడగొట్టాడంటాడు. దేవుని గురించి ఇంత మాట మనం కూడికలో లేచి అంటే పక్కవాళ్లు చొక్కా పట్టుకుని కూర్చోబెడతారు. బైబిలు మాత్రం ఆ మాటల్ని అలాగే దాచి ఉంచింది. 18వ వచనంలో, “యెహోవాయందు నాకిక ఆశలు లేవనుకొంటిని” అని చేతులెత్తేశాడు.

21వ వచనంలో మళ్లీ, “నేను దీని జ్ఞాపకము చేసికొనగా నాకు ఆశ పుట్టుచున్నది” అంటాడు.

18కీ 21కీ మధ్య ఏం జరిగింది? ఏమీ జరగలేదు. సైన్యం వెనక్కి పోలేదు. కాలిన గుడి లేవలేదు. ఒక కబురు రాలేదు, ఒక కల రాలేదు. మధ్యలో ఉన్నదల్లా తాను తాగిన మాచిపత్రినీ చేదునూ గుర్తుచేయడం, ఆ తర్వాత ఇంకొకటి తానే గుర్తుచేసుకోవడం. “జ్ఞాపకము చేసికొనగా” అని మన తెలుగులో ఉన్నచోట హీబ్రూలో “దీన్ని నా గుండెకు తిరిగి తెచ్చుకుంటాను” అన్న భావం ఉంది. దారి తప్పిన గొడ్డును సాయంత్రం ఇంటికి తోలుకొచ్చినట్టు. తనంతట తాను రాదది.

తిరిగి తెచ్చుకున్న మాట ఏమిటంటే 22, 23, 24 వచనాలు. హీబ్రూలో మూడూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. మొదటిది కృప, రెండోది కొత్తదనం, మూడోది భాగం. మూడో మాట దగ్గర కొంచెం ఆగాలి. “యెహోవా నా భాగమని నేననుకొనుచున్నాను.” భాగం అంటే వంతుకు వచ్చిన ఆస్తి, నేల. గుడి సేవ చేసే గోత్రమైన లేవీయులకు నేలలో వంతు లేదు, వాళ్ల వంతు దేవుడేనని మోషే కాలంలోనే చెప్పారు. ఇప్పుడు ఎవరికీ నేల మిగల్లేదు. నేల పోయాక పాత లెక్క ఒకటి ఇతనికి గుర్తొచ్చింది.

వాత్సల్యత అన్న మాట నాకు మరీ ఇష్టం. హీబ్రూలో అక్కడున్న మాటకూ తల్లి గర్భం అన్న మాటకూ మూలం ఒకటే. మన తెలుగులోకి సంస్కృతం నుంచి వచ్చిన వాత్సల్యం ‘వత్స’ నుంచి పుట్టింది. వత్స అంటే దూడ. దూడను చూస్తే ఆవుకు పొదుగు చేపుతుంది చూడండి, అది వాత్సల్యం. ఒక భాషవాళ్లు గర్భాన్ని తలుచుకున్నారు, మరో భాషవాళ్లు దూడను తలుచుకున్నారు. పైగా మన అనువాదకులు ఇంకో పని చేశారు. మూలంలో “ఉదయాలకు కొత్తవి” అన్నంత మేరకే ఉంటే, తెలుగులో “పుట్టుచున్నది” అని రాశారు. రెండు వచనాల ముందు ఆశ పుట్టింది, ఇక్కడ వాత్సల్యత పుట్టింది. గర్భం నుంచి వచ్చిన మాట పక్కన పుట్టడం ఎంత బాగా అమరిందో! వాళ్లు తెలిసి చేశారో, కలం దానంతట అదే అలా నడిచిందో గానీ, ఈ ఒక్కచోట నాకు మూలం కంటే తెలుగే ఎక్కువ నచ్చుతుంది.

అయితే “అనుదినము” అనడంలో మూలంలోని ఉదయం కాస్త మరుగున పడింది. అక్కడున్నది ఉదయమే. ఉదయానికి ఒక కొలత ఉంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు తిండిగా మన్నా కురిసింది కూడా ఉదయమే కదా. మనిషికి ఒక ఓమెరు, ఆ రోజుకు సరిపడా. రేపటికని దాచుకుంటే పురుగుపట్టి కంపుకొట్టింది, ఒక్క విశ్రాంతి దినానికి ముందురోజు తప్ప. 40 ఏళ్లు అలాగే తిన్నారు. ఏ ఒక్కరి గుడారంలోనూ నెలకు సరిపడా నిల్వ లేదు.

మా ఇంట్లో ఒక ఏడాది అలా గడిచింది. నాన్న మంచాన పడ్డాడు. రోజుకో పరీక్ష, రోజుకో రిపోర్టు, రిపోర్టు వచ్చేదాకా టెన్షన్. నాకు కావాల్సిందల్లా నెలకు సరిపడా విశ్వాసం. ముందే ఇచ్చేస్తే నేను దాచుకుని వాడుకుంటాను కదా అని ప్రార్థనలో వాదించాను కూడా. ఇవ్వలేదు. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటే లోపల ఖాళీ. తెల్లారేసరికి ఎక్కడి నుంచో ఆ రోజుకు మాత్రం సరిపడా ఏదో ఉండేది. లేచి నాన్న ముఖం తుడిచి, మందులిచ్చి, ఒక జోకు కూడా వేసేంత. మర్నాడు రాత్రి మళ్లీ ఖాళీ. ఇది విశ్వాసం లేకపోవడమని సిగ్గుపడేవాడిని. పౌలు కూడా “ఆంతర్యపురుషుడు దినదినము నూతన పరచబడుచున్నాడు” అనే రాశాడని, ఒకేసారి తీరిపోయినట్టు రాయలేదని అప్పటికి నేను గమనించలేదు.

ఆ రోజుల్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆదరించడానికి వచ్చినవాళ్లే. “దేవుడు ఏదో మేలు కోసమే చేస్తాడు” అని గుమ్మంలోనే అనేసి, టీ తాగి వెళ్లిపోయేవాళ్లు. అందులో తప్పు సిద్ధాంతం ఉందనను. కానీ ఆ మాట 18వ వచనం దాకా నడిచివచ్చినవాడి నోట్లోంచి రావాలి. ఒకాయన మాత్రం ఏమీ అనకుండా ఓ గంట కూర్చుని, మంచం పక్కన నీళ్ల జగ్గు నింపిపెట్టి వెళ్లాడు. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది.

మన సాక్ష్యాల్లోనూ ఇదే తొందర. కష్టం తీరిపోయాకే లేచి నిలబడి చెబుతాం. అప్పుడలా ఉండేది, దేవుడు కార్యం చేశాడు, ఇప్పుడిలా ఉంది అని. వింటున్నవాళ్లలో ఇంకా మధ్యలో ఉన్నవాడు తల దించుకుంటాడు. విలాపవాక్యాలు రాసినవాడు మధ్యలోనే సాక్ష్యం చెప్పాడు. 24వ వచనంతో అధ్యాయం ముగిసి ఉంటే పూలబొమ్మ సరిపోయేదేమో. ముగియలేదు, ఇంకా 42 వచనాలున్నాయి. 44వ వచనంలో మళ్లీ, మా ప్రార్థన చేరకుండా మేఘంతో నిన్ను నీవు కప్పుకున్నావంటాడు. యెహోవా పైనుంచి చూసేదాకా కన్నీళ్లు ఆగవంటాడు. వాత్సల్యత ఆగదని చెప్పిన నోటితోనే కన్నీరు ఆగదనీ చెప్పాడు. ఒకటి రెండోదాన్ని అబద్ధం చేస్తుందని అతనికి అనిపించలేదు.

“సాయంకాలమున ఏడ్పు వచ్చి రాత్రి యుండినను ఉదయమున సంతోషము కలుగును” అని కీర్తనలో ఉంది. నిజమే. కానీ అన్ని ఉదయాల్లోకీ గొప్ప ఉదయాన ఒక స్త్రీ ఏడుస్తూనే ఉంది. మగ్దలేనే మరియ యేసు సమాధి దగ్గరికి వచ్చేసరికి ఇంకా చీకటిగా ఉందని యోహాను రాశాడు. రాయి అప్పటికే తీసేసి ఉంది. యేసు అప్పటికే లేచాడు. ఆమెకు తెలియదు. జరగాల్సిన మేలు జరిగిపోయాక కూడా ఆమె ఏడుస్తోంది. దూతలు కనిపించినా ఏడుపు ఆగలేదు, యేసే ఎదురుగా నిలబడినా తోటమాలి అనుకుంది. ఆయన ఆమెను గద్దించలేదు, ఏడవకు అని కూడా అనలేదు. “అమ్మా, యెందుకు ఏడ్చుచున్నావు?” అని అడిగాడు. తర్వాత పేరు పెట్టి పిలిచాడు, అంతే. పునరుత్థానం గురించి ఆమెకు వివరించి చెప్పినట్టు ఎక్కడా లేదు. తర్వాత ఆయన శిష్యుడు తోమాకు చూపించిన చేతుల్లో మేకుల గుర్తులు ఇంకా ఉన్నాయి.

మరి ఆనందం మాటేమిటి అంటారా? విలాపవాక్యాల్లో దానికి జవాబు దొరకదు. ఆ పుస్తకం చివరి వచనం, నీ కోపం మా మీద మహా ఎక్కువగా ఉందనే మొరతో ఆగిపోతుంది. యూదులు దీన్ని చదివేటప్పుడు అక్కడ ఆపలేక, దానికి ముందున్న 21వ వచనాన్ని మరోసారి చదివి ముగిస్తారు. నీవు మమ్మల్ని నీ వైపు తిప్పితే మేము తిరుగుతాం, మా పాత రోజులు మళ్లీ కొత్తగా ఇవ్వు అని. మూడో అధ్యాయంలో వాత్సల్యత గురించి చెప్పిన ఆ కొత్తదనమే ఇక్కడ ప్రార్థనగా మారింది.

జవాబు ఎజ్రా గ్రంథంలో ఉంది, సుమారు 50 ఏళ్ల తర్వాత. చెర నుంచి తిరిగొచ్చినవాళ్లు అదే స్థలంలో కొత్త మందిరానికి పునాది వేశారు. యాజకులు బూరలు ఊదారు, లేవీయులు తాళాలు కొట్టారు. జనం కేకలు వేశారు. ఆ గుంపులో పాత మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు చాలామందే ఉన్నారు. గుడి కాలిన రోజున పదేళ్ల పిల్లాడిగా ఉన్నవాడికి ఆ రోజుకు అరవై. వాళ్లు పునాది చూసి గట్టిగా ఏడ్చారు. అది దుఃఖమో, తీరిన దుఃఖమో, పోయినవాళ్ల జ్ఞాపకమో ఎజ్రా చెప్పలేదు. పండగ పూట ఏడుపేమిటని వాళ్లను ఎవరూ పక్కకు తీసుకుపోయినట్టు కూడా లేదు. కుర్రవాళ్లు అరుస్తూనే ఉన్నారు, ముసలివాళ్లు ఏడుస్తూనే ఉన్నారు. ఏది సంతోషమో ఏది ఏడుపో జనం పోల్చుకోలేకపోయారట. ఆ శబ్దం మాత్రం చాలా దూరం వినబడిందని రాసి ఉంది.