బావ కంప్యూటర్: కన్నుతో గురి, గొంతుతో క్లిక్

పరకాల దగ్గర ఉండే మా బావ గీత కార్మికుడు. మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడ్డప్పుడు మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిన్నది. చేతులు ఆడవు, మాట మాత్రం ఖంగుమంటుంది. పేపర్ చదవాలన్నా, వీడియో మార్చాలన్నా అక్కను పిలవాల్సిందే. అది ఆయనకు నచ్చదు. మామూలు వెబ్‌క్యామ్, పాత ల్యాప్‌టాప్‌తో, ఆయన చూపుతో, మాటతోనే కంప్యూటర్ నడుపుకునేటట్టు చేస్తున్న పని ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చిందో రాస్తున్నా.

ముందు కన్ను సంగతి. పైథాన్‌లో కోడ్ రాసి, కెమెరా బొమ్మలో ముఖాన్ని గుర్తుపట్టే మీడియాపైప్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నా. ముఖం మీద 468 పాయింట్లు ఇస్తుంది, ఐరిస్ (నల్లగుడ్డు) కూడా కావాలంటే ఇంకో పది కలిపి 478. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ ఒకసారి లెక్క వేసి చూడండి. నల్లగుడ్డు వెడల్పు సుమారు 12 మిల్లీమీటర్లు. 15.6 అంగుళాల స్క్రీన్‌ను 60 సెంటీమీటర్ల దూరం నుంచి ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తే అది జరిగేది ఐదారు మిల్లీమీటర్లే. 1280 పిక్సెళ్ల కెమెరాలో అది పది, పన్నెండు పిక్సెళ్లు. అంటే ఒక్క పిక్సెల్ అటూ ఇటూ అయితే స్క్రీన్ మీద మూడు సెంటీమీటర్ల తేడా! దీనితో చిన్న బటన్ మీద మౌస్ బాణం నిలబెట్టాలనుకోవడం వృథా ప్రయాస. ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేసి, కంటి మీద దాని మెరుపును పట్టుకునే ట్రాకర్ల పని వేరు, వాటి ధర కూడా వేరు.

అందుకే బాణాన్ని వదిలేసి గళ్లు పెట్టిన. స్క్రీన్ మీద అడ్డంగా మూడు, నిలువుగా రెండు గళ్లు. బావ చూస్తున్న గడి పసుపు రంగుకు మారుతుంది. "ఇదే" అంటే ఆ గడి స్క్రీన్ నిండా పెద్దదవుతుంది, అందులో మళ్లీ ఆరు గళ్లు. ఇట్లా రెండు మూడు మెట్లు దిగితే ఏ లింకైనా దొరుకుతుంది. చూపు ఏ గడి మీద ఉందో తేల్చడానికి కెమెరా తీసిన చివరి పది ఫ్రేముల (బొమ్మల) లెక్కల్లో మధ్యస్థం, అంటే వరుసలో నడిమి విలువ, తీసుకుంటున్నా, రెప్ప వాల్చిన ఫ్రేములు లెక్కలోకి రావు. దాంతో గడి మిణుకుమిణుకుమనడం బాగా తగ్గింది.

కెమెరాను స్క్రీన్ పైన కాకుండా కింద పెట్టండి. కిందికి చూసినప్పుడు పై రెప్ప గుడ్డును కప్పేస్తుంది, పై నుంచి చూసే కెమెరాకు ఏమీ కనబడదు. ట్రాకర్లను స్క్రీన్ కింది అంచుకు బిగించేది కూడా ఇందుకే. పక్క కిటికీ నుంచి ఎండ పడితే ఒక కన్ను సగం నీడలో పోతుంది. కర్టెన్ వేసి, ల్యాప్‌టాప్ వెనక ఒక ఎల్ఈడీ బల్బు పెట్టినం.

క్లిక్ కూడా కంటితోనే చేయించొచ్చు, ఒకే చోట సెకను సేపు చూస్తే చాలు. పెట్టి చూసినం. బావ ఒక్క పూటలోనే తేల్చేసిండు: "నేను సదువుకుంట ఉంటే అదే ఒత్తుకుంటాంది, జర కన్ను తిప్పుదామన్నా భయమైతాంది." ఆయన మాట నిజం. కన్ను ఉన్నది చూడ్డానికి, దానికి ఒత్తే పని కూడా అప్పజెప్తే చదవడమే టెన్షన్ అయిపోతుంది. అందుకే క్లిక్ మొత్తం గొంతుకే ఇచ్చేసినం.

మాటలకు వోస్క్ అనే, మాటను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌లోని చిన్న తెలుగు మోడల్ వాడుతున్నా. నెట్ లేకున్నా నడుస్తుంది, ఊర్లో అది చాలా ముఖ్యం. మనం ఇచ్చిన పదాల జాబితాలోనే వెతకమని దానికి చెప్పొచ్చు. ఎనిమిది పదాలే ఇచ్చిన, జాబితాలో లేని మాటను వదిలేయమని కూడా చెప్పిన. పక్క గదిలో టీవీ మోగుతున్నా ఇప్పుడు పెద్దగా తడబడడం లేదు. పదాలు ఎంచుకునేటప్పుడు చివర్లు వేరుగా ఉండేటట్టు చూసుకోవాలి. "మీదికి", "కిందికి" రెండూ ఒకదానికొకటి తగులుకున్నయి. "ఎక్కు", "దిగు" పెట్టినంక ఆ బాధ పోయింది. కూలర్ చప్పుడుకు మాత్రం కాలర్ మైకు ఒక్కటే మందు, ల్యాప్‌టాప్ మైకు పనికిరాదు.

ఇప్పుడు బావ తనంతట తానే పేపర్ తెరిచి, జిల్లా పేజీ దాకా పోతుండు. వాట్సాప్ వెబ్‌లో మా గ్రూపుకు మెసేజ్ పెట్టడం ఇంకా కుదరలేదు, టైపింగ్ కోసం వేరే ఏర్పాటు కావాలి.

మిగిలిన పెద్ద ఇబ్బంది మంచం. వీపు వెనక దిండు కొంచెం జారినా తల కోణం మారి, తొమ్మిది చుక్కల క్యాలిబ్రేషన్, అంటే స్క్రీన్ మీది చుక్కలను ఒక్కొక్కటిగా చూసి చూపును సరిచేసుకోవడం, మళ్లీ చేయాల్సి వస్తుంది. తల వంపును కూడా లెక్కలో కలిపే కోడ్ సగం అయింది. అది అయ్యేదాకా, అక్క సాయం లేకుండా బావే క్యాలిబ్రేషన్ మొదలుపెట్టుకునేటట్టు "చుక్కలు" అనే తొమ్మిదో పదం కలుపుతున్నా.