1.022 దగ్గర మొండికేసిన స్టౌట్

ఇంట్లో పులియబెడుతున్న స్టౌట్‌కి (నల్ల బీరు) ఇది 14వ రోజు. గ్రావిటీ, అంటే నీటితో పోలిస్తే బీరు సాంద్రత, ఇవాళ కూడా 1.022. ఈస్ట్ చక్కెర తినేకొద్దీ ఇది దిగాలి. వరుసగా నాలుగు రోజులుగా అదే అంకె. మూడు రోజులు గ్రావిటీ కదలకపోతే పని అయిపోయినట్టే అనుకుని నిన్న సీసాలు కడిగి ఆరబెట్టేశాను. సీసాల్లో గ్యాస్ కోసం వేసే (ప్రైమింగ్) చక్కెర మరిగించే ముందు ఎందుకో మనసొప్పక ఆగిపోయాను. ఆగడమే మంచిదైంది.

మొదటి గ్రావిటీ 1.060, మొత్తం 20 లీటర్లు. వాడిన ఇంగ్లిష్ ఏల్ ఈస్ట్ చక్కెరలో 75 శాతం దాకా తింటుంది కాబట్టి 1.015 దగ్గర ఆగాలి. 1.022 అంటే 63 శాతమే. ఆ ఏడు పాయింట్లు (ఒక పాయింటు అంటే 0.001) ఎక్కడ ఆగిపోయాయో తెలియక రెండు రోజులు నిద్ర పట్టలేదు.

ముందు గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్‌ని అనుమానించాను. 20 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్‌లో 1.000 చూపించింది, దాని తప్పేమీ లేదు. శాంపిల్‌ని రెండు గ్లాసుల మధ్య పదిసార్లు మార్చి గ్యాస్ పోగొట్టాను, ఎందుకంటే బుడగలు అంటుకుంటే హైడ్రోమీటర్ పైకి తేలి ఎక్కువ చూపిస్తుంది. అయినా 1.022. ఆల్కహాల్ చేరాక, కాంతి వంపుతో చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్ లెక్క సరిదిద్దుకోకుండా పనికిరాదు, ఈ దశలో నేను దాన్ని నమ్మను.

ఇక మిగిలినవి రెండు. మ్యాష్ (మొలకెత్తించిన బార్లీ అయిన మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టి చక్కెర తీయడం) 69 డిగ్రీల దగ్గర, అంటే కాస్త ఎక్కువ వేడిలో చేశాను, కాబట్టి ఈస్ట్ తినలేని చక్కెరలు కొన్ని మిగలడం సహజం. వేయించిన బార్లీ, క్రిస్టల్ మాల్ట్ కూడా ఉన్నాయి, అవీ అలాంటి చక్కెరలు మిగులుస్తాయి. లేదంటే 6వ రోజు రాత్రి గది 15 డిగ్రీలకు పడిపోయినప్పుడు ఈస్ట్ అడుక్కి చేరి నిద్రపోయి ఉండాలి.

ఏది నిజమో తేల్చడానికి, ఈస్ట్ తినగలిగినదంతా తినేస్తే గ్రావిటీ ఎక్కడ ఆగుతుందో చూద్దామని అర లీటరు బయటికి తీసి, అందులో తాజా ఈస్ట్ దండిగా వేసి, 26 డిగ్రీల దగ్గర పెట్టి, కనిపించినప్పుడల్లా కుదిపాను.

16వ రోజు. ఆ అర లీటరు 1.017కి దిగింది! అంటే బీరు ఇంకా పూర్తి కాలేదు, ఆగిపోయింది అంతే. రెండు పాయింట్లు మ్యాష్ వల్ల అనుకుంటున్నాను, మిగతా ఐదూ చలి వల్లే. ఒక్కో పాయింటుకు దాదాపు అర వాల్యూమ్ (బీరు పరిమాణంలో సగం) గ్యాస్ పుడుతుంది. ఐదు పాయింట్లంటే రెండున్నర. దానికి ప్రైమింగ్ చక్కెర కూడా తోడైతే సీసాలు పేలిపోయేవే.

బీరు పులుస్తున్న ఫెర్మెంటర్‌ని 21 డిగ్రీలకు తెచ్చి, మూత తీయకుండా మెల్లగా తిప్పి అడుగు ఈస్ట్‌ని లేపాను. గంటలో గ్యాస్‌ని బయటికి వదిలే ఎయిర్‌లాక్ బుడబుడలాడింది కానీ ఆ సంబరం నిలవదు. వేడెక్కితే కరిగి ఉన్న గ్యాస్ కూడా అలాగే బయటికొస్తుంది. ఎయిర్‌లాక్ చూసి నిర్ణయం తీసుకోవడం నా దృష్టిలో జూదమే.

20వ రోజు. 1.018.

23వ రోజు. 1.017. 25వ రోజు కూడా అంతే. ఆ అర లీటరు టెస్ట్‌తో సరిపోయింది కాబట్టి ఇప్పుడు నమ్ముతాను. శాంపిల్ వేడి చేసి వాసన చూశాను, వెన్న వాసన (పులియడం సరిగా పూర్తికాలేదనడానికి గుర్తు) లేదు. రుచి కాఫీలా, చాలా బాగుంది.

రేపే బాట్లింగ్, 100 గ్రాముల చక్కెరతో, 2.1 వాల్యూమ్‌లు వచ్చేలా. తర్వాతి స్టౌట్‌కి మ్యాష్ 66కి దించి, చలిని బాగా తట్టుకునే నాటింగ్‌హామ్ ఈస్ట్ వేస్తాను. ఈస్ట్ వేసిన రోజే ఈ టెస్ట్ కోసం అర లీటరు పక్కన పెడతా. ఓట్స్ కూడా కలపాలని ఉంది, కిలోనా అరకిలోనా ఇంకా తేల్చుకోలేదు.