సంకల్పం మీ నోటితో చెప్పండి

వినాయక చవితి వస్తోందంటే సంతోషంతో పాటు నాకు ఒక బాధ కూడా మొదలవుతుంది. ఓపిగ్గా పత్రి తెస్తారు, పాలవెల్లి కడతారు, ఉండ్రాళ్లు చేస్తారు. తీరా పూజకి కూర్చున్నాక ఫోన్‌లో వీడియో పెట్టేస్తారు. అందులో పంతులుగారు ‘మీ గోత్రనామాలు చెప్పుకోండి’ అని కాసేపు ఆగుతారు. ఆ కాసేపట్లో ఇంటాయన కుందిలో నూనె పోస్తుంటాడు, ఇల్లాలు వంటింట్లో ఉంటుంది. ఎవరి పేరూ పలక్కుండానే పూజ సాగిపోతుంది. విశ్వావసు సంవత్సరంలో ఒక బంధువుల ఇంట్లో పాత వీడియో పెడితే, అందరం చేతులు జోడించి ‘క్రోధి నామ సంవత్సరే’ అని విన్నాం!

అష్టోత్తరం ఎవరు చదివినా వినొచ్చు, వినడమూ పుణ్యమే. సంకల్పం, అంటే పూజ మొదట్లో కాలం, చోటు, గోత్రనామాలు చెప్పుకోవడం, అలా కాదండీ.

‘అద్య బ్రహ్మణః ద్వితీయ పరార్ధే’ అంటాం. బ్రహ్మకు యాభై ఏళ్లు నిండి రెండో సగం నడుస్తోంది. అందులో శ్వేతవరాహ కల్పం, ఏడో మనువైన వైవస్వతుడి కాలం, 28వ మహాయుగం. 4,32,000 ఏళ్ల కలియుగంలో ఇంకా మొదటి పాదమే, గడిచింది 5,100 ఏళ్ల పైచిలుకు. అక్కణ్ణుంచి సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం దాకా దిగుతాం. చోటు కూడా అంతే. జంబూద్వీపంతో మొదలుపెట్టి, మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఫలానా దిక్కున, ఫలానా నదుల మధ్య అంటూ వచ్చి, సొంతిల్లయితే స్వగృహే, అద్దిల్లయితే శోభన గృహే అంటాం. ఆ తర్వాత వచ్చేది మీరే. మీ గోత్రం, మీ పేరు, మీ పిల్లలు. ఇంత బ్రహ్మాండంలో ఇక్కడ కూర్చున్నాను స్వామీ, నన్ను చూడు అని విన్నవించుకుంటున్నాం. ఆ మాట దగ్గర నాకు ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది. దాన్ని రికార్డింగ్‌కి ఎలా అప్పజెప్పగలం?

విజయవాడ వాళ్లకి ‘శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే’ సరిపోతుంది. నెల్లూరు వాళ్లకి ఆగ్నేయం, అనంతపురం వాళ్లకి నైరుతి. మా తాతగారు నెల్లూరు నుంచి విజయవాడకి బదిలీ అయిన ఏడాది, చవితి ముందు రోజే మా నాన్నగారిని కూర్చోబెట్టి దిక్కు మార్చి, ‘కృష్ణా కావేర్యోః’ బదులు ‘కృష్ణా గోదావర్యోః’ అని వల్లె వేయించారట. డల్లాస్‌లో ఉన్న మా మేనకోడలు అక్కడి గుడిలో అర్చకుల్ని అడిగి ‘క్రౌంచ ద్వీపే, రమణక వర్షే, ఐంద్ర ఖండే’ అని రాసుకుని ఫ్రిజ్‌కి అంటించుకుంది. ఊరు మారినా, దేశం మారినా మన చోటు మనం చెప్పుకోవాలనే కదా ఆ తపన!

ఈసారి ముందు రోజే పంచాంగం చూసి ఒక కాగితం మీద రాసుకోండి. నోరు తిరగకపోతే తెలుగులోనే చెప్పండి, స్వామికి తెలుగు రాదా? గోత్రం తెలియనివాళ్లు కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చని పెద్దలు ఏనాడో దారి చూపారు. పొయ్యి కట్టేసి ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చోండి. హాస్టల్లో ఉన్న పిల్లవాడి పేరు కూడా మర్చిపోకుండా పలకండి. వీడియో కావాలంటే వ్రతకథ దగ్గర పెట్టుకుందురు గాని.