టెక్సస్ బడుల్లో పౌరశాస్త్రం

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల పిల్లలు చాలామందే చదువుతున్నారు కాబట్టి చెప్తున్నా. 2021లో టెక్సస్ తెచ్చిన చట్టం వివాదాస్పద విషయాలు క్లాసులో ఎత్తొద్దని అనలేదు. ఎత్తమని టీచర్ని బలవంతపెట్టకూడదంది, ఎత్తితే ఏ పక్షానికీ మొగ్గకూడదంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఏది వివాదాస్పదమో తేల్చి చెప్పలేదు. ఆ అక్టోబర్‌లోనే అక్కడొక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) అధికారి, హోలోకాస్ట్ (నాజీలు యూదుల్ని ఊచకోత కోయడం) మీద పుస్తకం పెడితే దానికి ఎదురు వాదన పుస్తకం కూడా పెట్టమని టీచర్లకు ట్రైనింగ్‌లో చెప్పారు! తర్వాత డిస్ట్రిక్ట్ క్షమాపణ చెప్పుకుంది.

నన్నడిగితే అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. ఆ చట్టం ప్రకారమే, ఫలానా బిల్లుకు ఓటెయ్యండని పిల్లలు ప్రజాప్రతినిధికి ఉత్తరం రాస్తే, దానికి క్లాసులో మార్కులు వెయ్యకూడదు. ఉత్తరం రాయడం నేరం కాదు, హోంవర్క్ కాకూడదంతే. ఈత పాఠం చెప్పి నీళ్లలోకి దిగొద్దన్నట్టు.

టీచర్‌కి వాక్స్వాతంత్ర్యం ఉందిగా అంటారా? ఇండియానా రాష్ట్రంలో ఇరాక్ యుద్ధానికి ముందు, శాంతి ప్రదర్శన చూసి మద్దతుగా కారు హారన్ కొట్టానని పిల్లలడిగితే చెప్పిన టీచర్ ఉద్యోగం పోయింది. 2007లో ఫెడరల్ అప్పీల్ కోర్టు బడి పక్షానే తీర్పిచ్చింది.